350 సీసీ దగ్గర నిలబడ్డ మోజు: ఇండియాలో ప్రీమియం బైకుల గిరాకీపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఆఫీసులో పక్క సీటు వాళ్లు, అపార్ట్‌మెంట్ లిఫ్టులో కలిసేవాళ్లు, పిల్లాడు బండి అడుగుతున్నాడని ఫోన్ చేసే బంధువులు, వీళ్లంతా నన్ను మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు ఇవి. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు అన్నీ ఒకచోట పెడుతున్నాను.

అసలు ప్రీమియం బైక్ అంటే ఏది? ఎంత సీసీ నుంచి మొదలు?

చట్టంలో ఈ మాటకు అర్థం రాసి లేదు. 150 సీసీ బండిని కూడా ప్రీమియం అని అమ్మే కంపెనీలున్నాయి. రోజూ పనికి వెళ్లి రావడానికి కావలసినదానికంటే ఎక్కువ బండిని, ఇష్టపడి, ఎక్కువ డబ్బు పెట్టి కొంటే అది ప్రీమియం అని నా లెక్క. మార్కెట్ లెక్కలో చెప్పాలంటే 250 సీసీ దాటినవి, షోరూం ధర లక్షన్నర, రెండు లక్షలు పైబడినవి.

ఇందులో మూడు అంతస్తులున్నాయి. 350 సీసీ దాకా ఒకటి. అక్కడి నుంచి 650 దాకా ఇంకొకటి. ఆ పైన హయబుసా, డుకాటీ, పెద్ద హార్లీల లాంటివి. వీడియోల్లో మనకు ఎక్కువగా కనిపించేది మూడో అంతస్తు. అమ్ముడుపోయేది మొదటి అంతస్తు. ఈ తేడా గుర్తు పెట్టుకుంటే మిగతా ప్రశ్నలకు సగం జవాబు దొరికినట్టే.

నిజంగానే గిరాకీ పెరిగిందా? హైదరాబాద్ రోడ్ల మీద చూసి మనకు అలా అనిపిస్తోందా?

నిజంగానే పెరిగింది. 2018-19లో దేశంలో దాదాపు 2.12 కోట్ల ద్విచక్ర వాహనాలు అమ్ముడయ్యాయి. ఆ తర్వాత కరోనా, ధరల పెరుగుదల కలిసి మార్కెట్‌ను కిందికి లాగేశాయి. 2024-25లో 1.96 కోట్ల దగ్గరకు వచ్చింది, అంటే ఆరేళ్లయినా పాత శిఖరాన్ని అందుకోలేదు. అదే 2024-25లో రాయల్ ఎన్‌ఫీల్డ్ తన చరిత్రలో మొదటిసారి ఏడాదికి పది లక్షల బళ్లు దాటింది. అందులో లక్షకు పైగా ఎగుమతులే. 2010 ప్రాంతంలో ఇదే కంపెనీ ఏడాదికి అమ్మింది యాభై వేల బళ్లు.

అలాగని దేశమంతా బుల్లెట్లు ఎక్కేసిందనుకోవద్దు. హీరో స్ప్లెండర్ ఒక్కటే ఇప్పటికీ ఏడాదికి 30 లక్షలకు పైగా పోతోంది. మన ఊళ్లలో పాలక్యాన్లు మోసేది, యూరియా బస్తా తెచ్చేది, పిల్లల్ని బడికి దింపేది అదే. ప్రపంచంలో అతిపెద్ద టూవీలర్ మార్కెట్ ఇప్పటికీ నడుస్తున్నది మైలేజీ మీదే.

మరి ఎందుకు పెరిగినట్టు? జనం దగ్గర డబ్బులెక్కువయ్యాయా?

కొందరి దగ్గర ఎక్కువయ్యాయి. కానీ కథ అంతటితో అయిపోదు. కింది మెట్టు ఎత్తు పెరగడం కూడా ఇందులో ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు.

2018 సెప్టెంబరు నుంచి కొత్త బండికి ఐదేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ (మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి) ఒకేసారి కట్టాల్సి వచ్చింది. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన బళ్లకు ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసేది), అంతకు లోపు వాటికి కాంబీ బ్రేకు (ఒకటి నొక్కితే రెండు చక్రాలకూ పడేది) తప్పనిసరి అయ్యాయి. 2020 ఏప్రిల్‌లో పొగ కాలుష్యాన్ని కట్టడి చేసే బీఎస్6 నియమం వచ్చింది, చాలా బళ్లలో కార్బురేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. అన్నీ మంచికే, ప్రాణాలకూ గాలికీ అవసరమైనవే. అయితే ఈ ఖర్చులన్నీ కలిసి, ఒకప్పుడు యాభై వేల చిల్లరకు దొరికిన వంద సీసీ బండిని ఆన్‌రోడ్ లక్ష దగ్గరకు చేర్చాయి. రెండు లక్షల బండి కొనేవాడికి పది, పదిహేను వేలు పెరిగితే ఈఎంఐలో మూడు నుంచి ఐదు వందల తేడా. కూలి డబ్బులు కూడబెట్టి బండి కొనేవాడికి అది ఇంకో ఏడాది ఆగడం. అందుకే కింది వర్గం వెనక్కి తగ్గింది, పై వర్గం ముందుకు నడిచింది. ప్రీమియం వాటా పెరిగిందన్న వార్త చదివినప్పుడల్లా ఆ ఆగిపోయినవాళ్లు కూడా నాకు గుర్తొస్తారు.

ఇక రెండో కారణం ఇంట్లో స్కూటర్ ఉండటం. కూరగాయలకు, బడికి, గుడికి అందరూ దాన్నే తీస్తారు. అప్పుడు రెండో బండి అవసరం కోసం కాదు, మనసు కోసం అవుతుంది. ఒకే బండి ఉన్న ఇంట్లో మైలేజీ గెలుస్తుంది, రెండో బండి కొనేటప్పుడు మాత్రం అందం, సౌండ్ గెలుస్తాయి.

మూడోది, ఎక్కడికి వెళ్లాలో తెలిసింది. శనివారం తెల్లవారుజామున హైదరాబాద్ నుంచి శ్రీశైలం వైపు, వైజాగ్ నుంచి అరకు, లంబసింగి వైపు, రాజమండ్రి నుంచి మారేడుమిల్లి వైపు వెళ్లే గుంపుల్ని చూడండి. పదిహేనేళ్ల కిందట ఇది అలవాటే కాదు. (శ్రీశైలం దారిలో మన్ననూరు చెక్‌పోస్ట్ రాత్రి తొమ్మిదికి మూసి ఉదయం ఆరుకు తీస్తారు. పులుల అడవి కాబట్టి. అర్ధరాత్రి బయల్దేరి అక్కడ గేటు ముందు చలిలో కూర్చోవద్దు.)

నాలుగోది, దుకాణంలో సరుకు. గతంలో పల్సర్ దాటితే బుల్లెట్ తప్ప పెద్దగా ఏమీ లేదు. 2012లో కేటీఎం డ్యూక్ 200, మరుసటి ఏడాది 390 వచ్చి కుర్రకారుకు వేగం రుచి చూపించాయి. 2018 నవంబరులో జావా తిరిగొచ్చింది, అదే నెలలో రెండున్నర లక్షలకే రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650 వచ్చింది. 2020లో హోండా సీబీ350, 2023 జులైలో రోజుల తేడాతో హార్లీ ఎక్స్440, ట్రయంఫ్ స్పీడ్ 400. ఎంచుకోవడానికి ఉన్నప్పుడే గిరాకీ ఎంతుందో బయటపడుతుంది.

బుల్లెట్ అంటే మనవాళ్లకు అంత మోజు ఎందుకు?

ఇంగ్లండ్‌లోని రెడ్డిచ్‌లో పుట్టిన రాయల్ ఎన్‌ఫీల్డ్ బండి ఇది. సరిహద్దుల్లో గస్తీకి మన సైన్యం దీన్ని ఎంచుకుంది. 1955లో మద్రాసు దగ్గర తిరువొత్తియూరులో ఇక్కడే బిగించడం మొదలైంది. అసలు కంపెనీ ఇంగ్లండ్‌లో మూతబడినా ఇక్కడ బతికింది. సైన్యం, పోలీసులు, ఊళ్లో కాస్త పెద్దమనుషులు, వీళ్ల చేతిలో చూసి చూసి ఆ బండికి ఒక హోదా అంటుకుంది. ఇప్పుడు కొనే కుర్రాడికి ఆ చరిత్ర తెలియకపోవచ్చు, కానీ వాళ్ల నాన్నకు తెలుసు. ఇంట్లో పర్మిషన్ దొరకడానికి ఆ ఒక్కటి చాలు.

మా ఇంట్లో పాత ఇనుప ఇంజిన్ బుల్లెట్ ఉండేది. గేరు కుడి కాలికి, బ్రేకు ఎడమ కాలికి. స్టార్ట్ చేయడం నేర్చుకోవడానికి నాకు వారం పట్టింది. కిక్కర్‌ను మెల్లగా తొక్కుతూ ట్యాంకు ముందు ఉన్న అమీటర్ ముల్లు చూడాలి. ముల్లు నడిమికి రాగానే ఎడమ చేతి కింద ఉన్న చిన్న లివర్ నొక్కి సిలిండర్‌లో గాలి వదలాలి, కిక్కర్‌ను ఇంకొంచెం కిందికి జరపాలి, లివర్ వదిలి పైనుంచి ఒక్క తొక్కు. సరిగ్గా పడితే డుగ్ డుగ్ అని అందుకునేది. తప్పితే కిక్కర్ వెనక్కి తన్నేది, పిక్క మీద నీలం మచ్చ పది రోజులు ఉండేది. ఆ బండి ఉన్నవాడంటే గౌరవం ఎందుకో ఆ పది రోజుల్లో నాకు అర్థమైంది.

కానీ అలాంటి బండి పది లక్షలు అమ్ముడుపోదు. 2000లో సిద్ధార్థ లాల్ చేతికి వచ్చేసరికి కంపెనీ అమ్మేయాలా మూసేయాలా అన్న స్థితిలో ఉంది. ఆయన దీని యజమాని ఐషర్ గ్రూపులోని చాలా వ్యాపారాలు వదిలించుకుని దీని మీద దృష్టి పెట్టారు. ఆయిల్ కారని ఇంజిన్, సెల్ఫ్ స్టార్టర్, అందరికీ అలవాటైన ఎడమ గేరు, 2009లో క్లాసిక్, 2020లో మీటియర్‌తో వచ్చిన కొత్త 349 సీసీ ఇంజిన్. ఈ ఇంజిన్‌లో వణుకు తగ్గించే బ్యాలెన్సర్ షాఫ్ట్ పెట్టాక 80 మీద వెళ్తున్నా అద్దంలో వెనక బండి నంబరు చదవగలుగుతున్నాం. పాతదాంట్లో అద్దం అలంకారానికే. మోజును అలాగే ఉంచి బాధను తీసేశారు, అందుకే అమ్ముడుపోయింది.

హార్లీ డేవిడ్‌సన్ ఎందుకు వచ్చింది, ఎందుకు వెళ్లింది, మళ్లీ ఎలా వచ్చింది?

మామిడిపళ్లతో మొదలైంది. 2007లో అమెరికా మన మామిడిపళ్లకు తలుపు తీసింది, మనం వాళ్ల పెద్ద మోటార్‌సైకిళ్లకు తీశాం. 2010లో అమ్మకాలు మొదలయ్యాయి, తొలి షోరూంలు పెట్టిన నగరాల్లో హైదరాబాద్ ఒకటి. హర్యానాలోని బవల్‌లో బిగించారు, తర్వాత స్ట్రీట్ 750 కూడా తెచ్చారు. అయినా 2019-20లో అమ్మినవి రెండున్నర వేలకు లోపే. 2020 సెప్టెంబరులో ఇక చాలంది. డీలర్లు, అప్పటికే కొన్నవాళ్లు చాలా ఇబ్బంది పడ్డారు.

తర్వాతి నెలలోనే హీరో మోటోకార్ప్‌తో ఒప్పందం కుదిరింది. 2023 జులైలో ఎక్స్440 రూ. 2.29 లక్షలకు వచ్చింది. అదే పేరు, కానీ ధర మాత్రం మన జేబుకు తగ్గది. పదేళ్లు ఆ కంపెనీ పై అంతస్తు నుంచి జనాన్ని పిలిచింది. చివరికి తనే మెట్లు దిగి వచ్చింది.

విదేశీ బ్రాండ్లన్నీ మన కంపెనీల చేయి ఎందుకు పట్టుకుంటున్నాయి?

సుంకాలు, ధర, సర్వీసు. పూర్తిగా బయట తయారై వచ్చిన బండి మీద ఒకప్పుడు 75 శాతం దాకా కస్టమ్స్ సుంకం ఉండేది. 2018లో 50కి దించారు. 2025 బడ్జెట్‌లో 1600 సీసీ లోపు వాటికి 40, అంతకు పైవాటికి 30 చేశారు. అయినా ఎక్కువే. ఇక్కడే తయారుచేస్తే ఆ బాధ లేదు. అందుకే బజాజ్ కేటీఎం, ట్రయంఫ్ బళ్లను పూణే దగ్గర చాకన్‌లో చేస్తోంది. టీవీఎస్ బీఎండబ్ల్యూ 310లను హోసూరులో చేసింది. ఇప్పుడు ధోరణి తిరగబడింది కూడా. 2020లో టీవీఎస్ ఇంగ్లండ్‌కు చెందిన నార్టన్‌ను కొనేసింది. కేటీఎం 2024 చివర్లో దివాలా అంచుకు వెళ్తే ఆదుకుని, 2025లో పగ్గాలు అందుకున్నది బజాజే.

2025 జీఎస్టీ మార్పు తర్వాత ఏది కొంటే లాభం?

2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాకా బళ్ల మీద పన్ను 28 నుంచి 18 శాతానికి తగ్గింది. 350 దాటితే ఇంతకుముందు 28కి తోడు 3 శాతం సెస్సు, మొత్తం 31 ఉండేది, అది 40 అయింది. లెక్క వేస్తే కిందివాటి షోరూం ధర దాదాపు 8 శాతం తగ్గాలి, పైవాటిది 7 శాతం దాకా పెరగాలి. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్, హంటర్, మీటియర్ 349 సీసీ కాబట్టి గీతకు ఇవతల ఉన్నాయి. స్పీడ్ 400, డ్యూక్ 390, ఎక్స్440, హిమాలయన్ 450, అన్ని 650లూ అవతల పడ్డాయి. కొన్ని కంపెనీలు పెంపును కొన్నాళ్లు తామే భరించాయి, అది ఎప్పటికీ అలా ఉండదు.

నాకు ఈ గీత నచ్చలేదు. 398 సీసీ బండి కొనే మధ్యతరగతి కుర్రాడినీ, పాతిక లక్షల బండి కొనేవాడినీ ఒకే 40 శాతంలో పెట్టడం న్యాయం కాదు. కొనేవాళ్లు మాత్రం ఉన్న గీతను చూసుకునే కొనాలి. మనసు రెండింటి మధ్య ఊగుతుంటే 350 వైపే మొగ్గండి.

షోరూం ధర ఒకటి, ఆన్‌రోడ్ ధర ఒకటి. మధ్యలో ఏముంది?

లైఫ్ టాక్స్, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్. లైఫ్ టాక్స్ ధరను బట్టి శ్లాబుల్లో ఉంటుంది, ఖరీదు పెరిగేకొద్దీ శాతం కూడా పెరగవచ్చు. మీ రాష్ట్ర రవాణా శాఖ రేటు చూసుకుని వెళ్లండి. ఐదేళ్ల థర్డ్ పార్టీ ప్రీమియం 2022 రేట్ల ప్రకారం 150 నుంచి 350 సీసీ దాకా రూ. 7,365. 350 దాటితే రూ. 15,117. రెండింటికీ జీఎస్టీ అదనం. ఇక్కడ కూడా 350 గీతే, చూశారుగా.

హ్యాండ్లింగ్ చార్జీలు, కోటింగ్, యాక్సెసరీ కిట్ అని బిల్లులో వచ్చేవి చట్టం అడిగినవి కావు. నా బండి కొన్నప్పుడు ఒక షోరూంలో లాజిస్టిక్స్ పేరుతో నాలుగు వేలు రాశారు. రసీదు మీద సంతకం, స్టాంపు వేసి ఇమ్మన్నాను. మేనేజర్‌తో మాట్లాడి వస్తానని లోపలికి వెళ్లిన అబ్బాయి ఆ పద్దు కొట్టేసి తెచ్చాడు. రసీదు లేని రూపాయి ఇవ్వకండి.

జీతం నలభై వేలు. రెండు లక్షల లోన్ పెట్టి కొనచ్చా?

రెండు లక్షలు, 11 శాతం వడ్డీ, మూడేళ్లు అనుకుంటే ఈఎంఐ సుమారు 6,550. మొత్తం కట్టేది దాదాపు 2,35,700. దీనికి పెట్రోలు కలపండి. 350 సీసీ బండి లీటరుకు 35 కిలోమీటర్ల లోపే ఇస్తుంది. రోజుకు 30 కిలోమీటర్లు తిరిగితే నెలకు పాతిక లీటర్లకు పైనే, నూటికి పైబడిన ధరలో 2,700 దాకా. సర్వీసు, టైర్లు, చైన్ స్ప్రాకెట్ సెట్ కోసం నెలకు ఇంకో వెయ్యి పక్కన పెట్టండి. పది వేలు దాటింది. అద్దె కట్టుకుంటూ, ఇంటికి డబ్బు పంపుతూ ఉన్నవాళ్లయితే ఏడాది ఆగి సగం డౌన్‌పేమెంట్ కూడబెట్టుకోండి. ఈఎంఐ టెన్షన్‌తో నడిపే బండి మీద ఆనందం రెండో నెలకే ఆవిరైపోతుంది.

చిన్న ఊళ్లో ఉంటాం. సర్వీసుకు ఇబ్బందా?

350 అయితే జిల్లా కేంద్రాల్లో, కాస్త పెద్ద పట్నాల్లో దొరుకుతుంది. బయటి మెకానిక్‌కు కూడా చేయి తిరిగింది. మూడో అంతస్తు బండి కొంటే మాత్రం ప్రతిదానికీ హైదరాబాద్, వైజాగ్, విజయవాడ అనాల్సిందే. ఒక్క బ్రేకు లివర్ కోసం నెల ఎదురుచూసినవాళ్లు నాకు తెలుసు.

ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద పెద్ద బైక్ నడపచ్చా?

కుదరదు. హైదరాబాద్ ఓఆర్ఆర్ మెయిన్ రోడ్డు మీద టూవీలర్లకు అనుమతి లేదు, ఎన్ని సీసీలైనా సరే. పక్కన సర్వీసు రోడ్డులోనే వెళ్లాలి. బెంగళూరు, మైసూరు మధ్య కొత్త హైవే మీద కూడా 2023 ఆగస్టు నుంచి ఇదే నియమం. పెద్ద ఇంజిన్ కొనేముందు దాన్ని వాడుకునే రోడ్డు మన చుట్టుపక్కల ఎంత ఉందో ఆలోచించండి.

మావాడికి పద్దెనిమిది నిండాయి. 650 కావాలంటున్నాడు. ఇప్పించమంటారా?

వద్దండి. ఈ జవాబు దగ్గర నేను మొహమాటపడను.

మన దేశంలో గేర్ల బండి లైసెన్సు ఒకటే. వంద సీసీ మీద ఎనిమిది ఆకారం తిప్పి చూపించినవాడు మర్నాడు ఏ బండైనా ఎక్కొచ్చు. యూరప్‌లో అలా కాదు. మొదట 125 సీసీ లైసెన్సు, తర్వాత 47 హార్స్‌పవర్ దాకా ఇంకొకటి, ఆపైనే పెద్దవి. ఇంటర్‌సెప్టర్ 650 శక్తి సరిగ్గా 47 హార్స్‌పవర్. అంటే అక్కడ రెండో మెట్టు మీద నిలబెట్టే బండిని మన దగ్గర మొదటి బండిగా ఇస్తున్నాం. స్ప్లెండర్ బరువు 112 కిలోలు. ఇంటర్‌సెప్టర్ రెండు వందలు దాటుతుంది. మలుపులో కంకర మీద జారితే 112 కిలోల బండిని కాలితో ఆపగలమేమో, అవతలిదాన్ని ఆపలేం.

2022లో మన రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. అందులో నూటికి 44 మందికి పైగా టూవీలర్ల మీద ఉన్నవాళ్లు. అంకెలు పక్కన పెట్టినా, మన వీధిలో, మన బంధువుల్లో ఇలా పోయిన కుర్రాడు ఒక్కడైనా లేని ఇల్లు నాకు తెలిసి తక్కువ.

అతని ఇష్టాన్ని చంపమని కాదు. మొదటి రెండేళ్లు 125 నుంచి 160 సీసీ, ఏబీఎస్ ఉన్నది ఇప్పించండి. ఐఎస్ఐ ముద్ర ఉన్న హెల్మెట్, మోకాలి గార్డులు, చేతి తొడుగులు మీరే దగ్గరుండి కొనివ్వండి. వర్షంలో, రాత్రిలో, లారీల మధ్య రెండేళ్లు తిరిగాక ఆ 650 అతనిదే. ఇక పద్దెనిమిది నిండకముందే తాళాలు ఇచ్చేవాళ్లకు: 2019 సవరణ తర్వాత పిల్లాడు నేరం చేస్తే తల్లిదండ్రులకు మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. ఆ పిల్లాడికి పాతికేళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు.

సైలెన్సర్ మార్చుకోవచ్చా?

రోడ్డు మీద తిప్పే బండికి వద్దు. శబ్దం పరిమితి దాటితే పది వేల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు పడవచ్చు, లైసెన్సు మూడు నెలలు పోతుంది. పోలీసులు పట్టుకున్న సైలెన్సర్లను రోడ్ రోలరుతో తొక్కించిన వీడియోలు చూసే ఉంటారు. అదీగాక రాత్రి పదకొండుకు మీ వీధిలో నిద్రపోతున్న చంటిబిడ్డ ఉంటుంది.

ఎలక్ట్రిక్ బైకులు వచ్చేస్తున్నాయి కదా, ఆగాలా?

స్కూటర్ల విషయంలో అయితే ఆగమని కాదు, కొనేయమంటాను. బైకుల్లో ఇంకా సమయం ఉంది. బెంగళూరు కంపెనీ అల్ట్రావయొలెట్ 2022లో ఎఫ్77 తెచ్చింది, బాగా చేశారు. రాయల్ ఎన్‌ఫీల్డ్ 2024 చివర్లో ఫ్లయింగ్ ఫ్లీ చూపించింది. ఎలక్ట్రిక్ మీద జీఎస్టీ 5 శాతమే. తెలంగాణలో 2024 నవంబరు నుంచి 2026 చివరిదాకా రోడ్డు టాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయించారు. నగరంలో తిరగడానికైతే లెక్క కుదురుతుంది. మారేడుమిల్లి ఘాట్‌లో చార్జింగ్ ఎక్కడ దొరుకుతుందన్న ప్రశ్న ఉన్నంతకాలం దూరప్రయాణాలకు పెట్రోలే.

టెస్ట్ రైడ్‌లో ఏం చూడాలి?

అందరూ ముందు యాక్సిలరేటర్ తిప్పుతారు. మీరు ముందు ఇంజిన్ ఆఫ్‌లో ఉంచి, సైడ్ స్టాండ్ తీసి, బండిని నాలుగడుగులు వెనక్కి తోయండి. క్లాసిక్ 195 కిలోలు. మీ అపార్ట్‌మెంట్ సెల్లార్ వాలు మీద రోజూ చేయాల్సిన పని అదే. రెండు పాదాలూ నేలకు ఆనుతున్నాయా చూసుకోండి. ఎత్తు తక్కువున్నవాళ్లు, ముఖ్యంగా మొదటిసారి పెద్ద బండి ఎక్కే అమ్మాయిలు, మీటియర్ లాంటి సీటు తక్కువగా ఉన్నవి నడిపి చూడండి. ట్రాఫిక్‌లో పది నిమిషాలు నడిపి ఎడమ చేతి మణికట్టు ఏమంటోందో, కుడి తొడకు ఇంజిన్ వేడి ఎంత తగులుతోందో గమనించండి.

వీలైతే ఇంట్లోవాళ్లను షోరూంకు తీసుకెళ్లండి. మా ఆవిడను వెనక కూర్చోబెట్టి రెండు స్పీడ్ బ్రేకర్లు దాటించాక ఆమె ఒకే మాట అంది: "పట్టుకోవడానికేం లేదు దీనికి." వెనక హ్యాండిల్ ఉన్న మోడల్ తీసుకున్నాం.